పిడుగన్న గొంతు

నమోదు 41

లోతుగడ్డలో ఉండే ప్రతి మనిషీ వారానికి రెండుసార్లన్నా ఏదో ఒకటి రాయాలని మా డాక్టరు గారి ఆజ్ఞ. సముద్రం అడుగున ఎండ తగలకుండా ఏళ్ల తరబడి ఉంటే బుర్ర మందగిస్తుందట. రాస్తే మందగించదట. ఆవిడ వీటిని చదవరని నాకు తెలుసు. పోయినసారి ఆవిడ పాట గురించి నాలుగు మాటలు రాశాను, ఒక్క చీవాటు కూడా పడలేదు. కాబట్టి ఇక నుంచి నా ఇష్టం.

పొద్దున కిటికీల పని. మేముండే గొట్టాల్లో మూడోదాని గాజు మీద మళ్లీ గుల్లలు పట్టాయి. లోపల నేను చేతిమర తిప్పితే బయట బ్లేడు గీకుతుంది. పోయిన వారం గీకిన చోటే మళ్లీ పట్టాయి, సిగ్గులేని జాతి. మధ్యాహ్నానికి భుజం పట్టేసింది.

పని దిగాక క్యాంటీన్ వెనక గదిలో ఆట. మేం ముగ్గురం: నేను, టర్బైన్ల మెకానిక్ పైడిరాజన్నయ్య, క్యాంటీన్ వంటవాడు జిలానీ. కరెంటు తింటాయని ఆట యంత్రాలను ఇళ్లలో పెట్టనివ్వరు, అందుకే ఈ గది. పైనుంచి వచ్చే తీగ మరీ సన్నం, దానిలోంచి ఒక ఆట దిగాలంటే నెలలు పడుతుంది. అందుకని రెండు ఆటల దుకాణాలూ ఇక్కడే తలా ఒక డబ్బా పెట్టాయి. పాతదాని పేరు పందిరి, కొత్తదాని పేరు జాతర. గురువారం వస్తే చాలు, రెండూ పోటీపడి తలా ఒక ఆట ఉచితంగా ఇస్తాయి. గడువు దాటకముందే బటన్ నొక్కితే అది మన పేరున పడిపోతుంది.

పైడిరాజన్నయ్య ఒక్క గురువారం కూడా వదల్లేదు. పెళ్లికూతుళ్లకు జడలు అల్లే ఆట ఉంది ఆయన దగ్గర. ఒంటెలు పెంచే ఆట ఉంది. ట్రాక్టరు ఆటలైతే మూడున్నాయి. వేటినీ తెరిచి చూసిన పాపాన పోలేదు. ఆపరేషన్ కోసం పైకి వెళ్లినప్పుడు, మత్తు ఇచ్చే ముందు కూడా "నా పేరున నొక్కు" అని జిలానీకి కబురు పెట్టిన మనిషి.

ఆ ఆపరేషన్‌లోనే ఆయన గొంతు పోయింది. లోపల గడ్డ ఉందని మొత్తం తీసేశారు. ఇప్పుడు ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తాడు. కానీ మేం ముగ్గురం కలిసి ఆడే రెక్కల దళం అనే ఆటలో ఆయనకు గొంతు ఉంది. ఆ ఆట వచ్చిన కొత్తలో, ఆడేవాడి చేత వంద వాక్యాలు చదివించుకుని అదే గొంతును అతని వీరుడికి పెట్టేది. మనం టైప్ చేస్తే మన వీరుడు మన గొంతుతోనే, మన యాసలోనే మాట్లాడతాడు. జబ్బుకి చాలా ముందే పైడిరాజన్నయ్య సరదాకి చదివి పెట్టాడు. ఆ తర్వాత ఎవరెవరో దొంగ గొంతులతో జనాన్ని ముంచారని గొంతుల చట్టం వచ్చింది, కొత్తగా గొంతు తయారు చెయ్యడం నేరమైంది. పాత ఆటలో పాత గొంతు మాత్రం ఉండనిచ్చారు.

అలా ఆయన వీరుడు పిడుగన్న ఈరోజు వంతెన కింద ఇరుక్కున్న బస్సును రెండు చేతులా ఎత్తుతున్నాడు. వెనక బల్ల మీద ఆయన భార్య ముత్యాలొదిన బేసిన్ ఒళ్లో పెట్టుకుని రొయ్యలు ఒలుస్తోంది.

"మావా, రేపు మందులు తెచ్చుకోవాల. గుర్తుందేటి?" అంది తెర వైపు చూడకుండానే.

పిడుగన్న నెత్తిన బస్సుతో ఆగాడు. "గుర్తుందిలే ముత్తేలూ. ముందీ బస్సు దించనీ."

"దించినాక దుప్పట్లు కూడా పిండాల."

"దించకుండా ఉంటానైతే," అన్నాడు పిడుగన్న.

జిలానీ నవ్వాపుకోలేక వాడి వీరుడిని గోడకు కొట్టేశాడు. వదిన మాత్రం నవ్వలేదు. ఆవిడకిది ఆట కాదు. ఇంట్లో పలక మీది రాతలు చదివి చదివి, అసలు మాట్లాడుకోవాల్సినవన్నీ ఈ వేళకు దాచుకుని ఈ గదికి తెచ్చుకుంటుంది.

నమోదు 42

జిలానీ ఈరోజు పప్పు గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. ఈ గురువారం జాతర వాళ్లు రెక్కల దళం ఉచితంగా ఇస్తున్నారట. కొత్త కూర్పు, వీరులందరికీ కొత్త రెక్కలు, కొత్త కవచాలు.

"పందిరి నుంచి తీసుకున్నది మన దగ్గర ఉంది కదరా," అన్నాను.

"ఉంటే ఏందక్కా? ఇది కొత్తది. పందిరోళ్లు ఎప్పుడన్నా ఇట్లాంటిది ఇచ్చినారా? పోయిన వారం ఏమిచ్చినారు వాళ్లు? చేపల తొట్టి ఆట! సముద్రం అడుగున కూచున్న మనకి చేపల తొట్టి ఆట!"

ఆ మాట నిజమే గానీ ఒప్పుకుంటే నా పేరు రాజ్యమే కాదు. పందిరి నా మొదటి దుకాణం. కొత్తగా ఇక్కడికి దిగినప్పుడు, రాత్రీ పగలూ తెలియక ఏడుస్తున్నప్పుడు, నాకు కాలక్షేపం ఇచ్చింది పందిరి. జాతర ఉచితంగా ఏనుగునిచ్చినా నాకొద్దని చెప్పాను.

"ఏనుగునిస్తే నేను తీసుకుంటా," అన్నాడు జిలానీ. "క్యాంటీన్‌లో కట్టేస్తా."

పైడిరాజన్నయ్య పలక మీద ఏదో రాసి చూపించాడు: ఏనుగు ఆట కూడా ఉంది నా కాడ.

నమోదు 43

ఈరోజు రాయాలని లేదు. అయినా రాస్తాను.

గురువారం కావడంతో పైడిరాజన్నయ్య మా అందరికంటే ముందే గదికి వచ్చాడు. నేను వచ్చేసరికి జాతర తెర తెరిచి ఉంది. ఎప్పటిలాగే పెద్ద బటన్, దాని కింద చీమ తలకాయలంత అక్షరాలతో మూడు పేజీల షరతులు. ఆయన ఎప్పుడు చదివాడు గనక! ఉచితం అంటే ఆయన చెయ్యి ఆయన మాట వినదు. నొక్కేశాడు. పొద్దునే జిలానీ కూడా నొక్కేశాడట.

ఆట తెరుచుకుంది. పిడుగన్నకి నిజంగానే బంగారు రెక్కలొచ్చాయి. అన్నయ్య మురిసిపోయి వెనక్కి తిరిగి వదిన వైపు చూసి ఏదో టైప్ చేశాడు.

"ముత్యాలు గారూ, నా రెక్కలు వీక్షించండి," అన్నాడు పిడుగన్న.

వార్తలు చదివేవాడి గొంతు. గుండ్రంగా, మెరుగుపెట్టినట్టు, ఎవరిదో. ఆయన టైప్ చేసింది "ముత్తేలూ, నా రెక్కలు సూడు" అని. దాన్ని కూడా సరిదిద్ది చదివింది.

ఆయన మళ్లీ టైప్ చేశాడు. మళ్లీ అదే గొంతు. మూడోసారి. వదిన చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది. తర్వాత బేసిన్ కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని గదిలోంచి వెళ్లిపోయింది.

అప్పుడు చదివాం షరతులు. జాతర ఉచిత ప్రతి తీసుకున్నవాళ్ల పాత ప్రతి, దానితో పాటు పాత గొంతులు కూడా, రద్దయిపోతాయి. రాసే ఉంది. మూడో పేజీలో, అడుగున.

నమోదు 44

జాతర సహాయం మీట నొక్కితే మాట్లాడేది మనిషి కాదు, మర. పొద్దున్నుంచి దానితో పోట్లాడాను.

"మా అన్నయ్య గొంతు వెనక్కివ్వండి," అంటే, "మీ పాత ప్రతి విజయవంతంగా కొత్త దానిలో కలిసింది. అభినందనలు!" అంటుంది. తిట్టాను. ఇరవై ఏళ్లుగా నోటికి రానివి కూడా వచ్చాయి. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు," అంది.

మధ్యాహ్నం కిటికీ దగ్గర గుల్లలు గీకుతుంటే ముత్యాలొదిన వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరం బయట తిరిగే చేపల్ని చూశాం.

"మొన్న ఆపరేషనప్పుడు నానేడవలేదు," అంది చివరికి. "మనిషి బతికితే సాలనుకున్నాను. తరవాత ఆ ఆటలో మాట్టాడితే, పోన్లే, గొంతు కూడా దక్కినాదనుకున్నాను. ఇప్పుడు సూడు. ఎవుడూ లాక్కోలేదు. ఆడికాడే పారేసినాడు."

"తెలిసి చెయ్యలేదు కదా వదినా."

"తెలీకే. అదే నా బాద. తెలీకుండా పారేసేటంత సులకనైపోనాదేటి?"

నిన్న రాత్రి ఆయన పలక మీద తప్పయిందని రాసి చూపించాడట. ఆవిడ చదవకుండానే తడిచేత్తో తుడిచేసింది. "రాతలు నాకొద్దు రాజ్యం," అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నా గ్లవుకున్న మర నూనె ఆవిడ చేతికి అంటింది, ఆవిడ తుడుచుకోలేదు.

పైడిరాజన్నయ్య ఈరోజు ఆటకు రాలేదు. పలక కూడా ఇంట్లో వదిలేసి పనికి వెళ్లాడట. ఎవరడిగినా తల ఊపడమే.

నమోదు 45

ఓరి దేవుడో. ఓరి నాయనో. నెమ్మదిగా రాస్తాను.

ఈరోజు గదిలో నేనొక్కదాన్నే. జిలానీ తప్పంతా తనదేనని వంటగదిలోంచి బయటికి రావడం లేదు. చెయ్యి ఊరుకోక నా పాత రెక్కల దళం తెరిచాను. నేను జాతర ప్రతి తీసుకోలేదు కదా, నా పందిరి ప్రతి పదిలంగానే ఉంది. ఈ ఆట నేనెప్పుడూ ఒంటరిగా ఆడలేదు. ఒంటరిగా ఆడితే లేని జట్టువాళ్ల బదులు ఆటే వాళ్ల వీరుల్ని, వాళ్లు ఎప్పుడూ అనే మాటలతో సహా, పంపుతుందని నాకు తెలియదు.

మేడ మీద నుంచి దూకాను. శత్రువు ఒకడు వెనక నుంచి వస్తున్నాడు, నేను చూసుకోలేదు.

"రాజ్యం సెల్లీ! ఎనక సూడు, ఎనక!"

కంట్రోలర్ చేతిలోంచి జారి కింద పడింది. తెర మీద పాత రెక్కలతో పిడుగన్న. పైడిరాజన్నయ్య గొంతు. కొంచెం బొంగురు, చివర్లో కొంచెం నవ్వు.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆలస్యం కాకుండా ఉండడానికి జట్టులో ప్రతివాళ్ల యంత్రం మిగతావాళ్ల గొంతులు కూడా దాచుకుంటుంది. జిలానీ యంత్రంలోది వాడు నొక్కినప్పుడే పోయింది. నా మొండితనం పుణ్యమా అని నాదాంట్లో మిగిలింది. ఇన్నాళ్లకు నా మొండితనం ఒకరికి పనికొచ్చింది, మా అమ్మ బతికుంటే చెప్పేదాన్ని.

చెప్పులు కూడా లేకుండా వాళ్ల గదికి పరిగెత్తి ఇద్దర్నీ లాక్కొచ్చాను. రెండో కంట్రోలర్ తగిలిస్తే పిడుగన్నని మనిషే ఆడించవచ్చు, మాటలు టైప్ చెయ్యవచ్చు. అన్నయ్య కూర్చుని చాలాసేపు వేళ్లు మీటల మీద పెట్టుకునే ఉన్నాడు.

"ముత్తేలూ," అన్నాడు పిడుగన్న. అంతే.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి వెళ్లిపోలేదు. కూర్చుంది.

ఇక్కడితో ఆపితే బాగుండు. సాయంత్రం పందిరి నుంచి కబురొచ్చింది. జాతరతో పోటీపడలేక దుకాణం మూసేస్తున్నారు. వచ్చే పడవకి వాళ్ల డబ్బా పైకి వెళ్లిపోతుంది. డబ్బా పోతే దానిలోంచి తీసుకున్న ఆటలేవీ తెరుచుకోవు.

నమోదు 46

పడవ వచ్చేలోపు ఏదో ఒకటి చెయ్యాలి. పొద్దున నలుగురం కూర్చున్నాం.

"రికార్డు చేసి పెట్టుకుందాం," అన్నాను. "గొంతు తయారు చెయ్యడమే నేరం, విన్నది రికార్డు చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు."

"రికార్డులు నాకాడ ఉన్నాయి," అంది వదిన. "మా మరిది పెళ్లిలో మాట్టాడినాడు. నాను కూరేటి వొండమంటావని అడిగితే, ఆ పెళ్లిలో మాటే మల్లీ సెప్తాదది. అడిగినదానికి జవాబు సెప్పనిది మాటెలాగవుద్ది?"

ఆవిడన్నది నిజమే. జిలానీ నేల చూపులు చూస్తూ పాడైపోయిన కంట్రోలర్ ఒకటి చేతిలో తిప్పుతున్నాడు. ఉన్నట్టుండి ఆపాడు.

"వదినా, జవాబులు ఎన్నుంటాయి? అన్న రోజంతా ఏం మాట్లాడతాడు?"

"ఏముంటాది? ఊ. ఆఁ. వస్తన్నాను. ఉప్పు లేదు. నీకేటి తెలుసు."

"అంతే కదా! ఒక్కో బటన్‌కి ఒక్కో మాట పెడదాం. రెండు బటన్లు కలిపి నొక్కితే ఇంకొకటి. పిడుగన్న మెరుపు దెబ్బ కొట్టాలంటే అన్న ఏం నొక్కుతాడు? పైఅంచున భుజం మీట పట్టుకుని, కిందకి, పక్కకి, నొక్కు. అన్న వేళ్లకి అవన్నీ నిద్దట్లో కూడా వస్తాయి. కంట్రోలర్ మెడలో వేసుకుంటే సరి. దెబ్బల బదులు మాటలు!"

పైడిరాజన్నయ్య జిలానీ చేతిలోంచి కంట్రోలర్ లాక్కున్నాడు. బొటనవేళ్లు గబగబా కదిలాయి, మీటలు టకటకమన్నాయి. ముఖంలో ఇన్ని రోజుల తర్వాత వెలుగు కనిపించింది. జిలానీ వీపు మీద ఒక్కటి చరిచాడు, వాడు బల్ల మీద పడబోయాడు.

తలుపు గంటల్లో ఉండే చిప్పులు చాలా మాటలు పట్టుకుంటాయి. టర్బైన్లు విప్పి కట్టే మనిషికి కంట్రోలర్‌కి ఒక చిప్పు, చిన్న స్పీకరు అతికించడం ఒక పనా?

నమోదు 47

మాటలు ఏరుకోవడం ఇంత కష్టమని తెలియదు.

నేను మర్యాద మాటలతో మొదలుపెట్టాను. నమస్కారం, కృతజ్ఞతలు, దయచేసి. "ఆడు పుట్టి బుద్దెరిగాక దయచేసి అన్నాడేటి?" అని వదిన కొట్టి పారేసింది. ఆవిడకి కావలసినవి వేరు. ముత్తేలూ అని పిలవడం, ఒక్కటి కాదు: ఆకలేసినప్పుడు పిలిచే ముత్తేలూ, కోపంగా పిలిచేది, పక్కగదిలోంచి పిలిచేది, వస్తువేదో కనబడక పిలిచేది. అన్నయ్య ఒక్కోదాన్నీ టైప్ చేసి, బాగా రాలేదని తల ఊపి, అక్షరాలు సాగదీసి మళ్లీ టైప్ చేశాడు.

జిలానీ ఒక్కటే అడిగాడు: "కూర బాగుంది" అని. "అబద్దం నాను రికార్డు సెయ్యను," అన్నాడు పిడుగన్న. అందరం పగలబడి నవ్వాం, జిలానీ అందరికంటే ఎక్కువ. చివరికి "కూర పర్లేదు" దగ్గర బేరం కుదిరింది.

మధ్యలో జెల్లీఫిష్ గుంపొకటి వచ్చి టర్బైన్లకి అడ్డం పడింది. కరెంటు సగానికి సగం తగ్గింది. వినోదానికి వాడేవన్నీ ఆపెయ్యమని ప్రకటన వచ్చింది. ఆట యంత్రం ఆపేస్తే పడవ వచ్చేలోపు ఉన్న నాలుగు రోజులూ పోతాయి. నేను పెద్ద ఇంజనీరు శేషాద్రి గారి దగ్గరికి వెళ్లి అరవడానికి సిద్ధమయ్యాను. అరవక్కర్లేకపోయింది.

"పైడిరాజు గొంతు కోసమని విన్నాను," అన్నారాయన. "నా గదిలో ఫ్యాను కరెంటు మీరు వాడుకోండి." రెండో గొట్టం వాళ్లు దీపాలు ఆపేసి ఇచ్చారు. డాక్టరు గారు తను గొంతు కలిపి పాడుకునే పాటల పెట్టె ఆపేశారు, దానివల్ల అందరికీ మేలే జరిగింది.

రాత్రి పైడిరాజన్నయ్య మమ్మల్ని బయటికి పొమ్మని సైగ చేశాడు. వదినని కూడా. "ఏటి రహస్యాలు?" అని ఆవిడ గొణుక్కుంటూ వెళ్లింది. చాలాసేపు లోపల ఒక్కడే ఉన్నాడు. మాట బయటికి రాకుండా చెవిదొప్పలు పెట్టుకున్నాడు. బయటికొచ్చాక జిలానీ ఎంత బతిమాలినా ఏం రికార్డు చేశాడో చెప్పలేదు.

నమోదు 48

పడవ వచ్చింది.

పందిరి వాళ్లు ఆఖరి రోజు దుకాణమంతా తెరిచి పెట్టారు. ఉన్న ఆటలన్నీ ఉచితం. వందల కొద్దీ బటన్లు, తెర నిండా. సాయంత్రానికి ఒక్కటీ తెరుచుకోదని తెలిసి కూడా ఇచ్చారు, పాపం. ఎవరూ తీసుకోకుండా మూసెయ్యడం వాళ్లకి మనసొప్పలేదేమో.

అన్నయ్య ఆ తెర వైపు ఒక్కసారి చూశాడు. చెయ్యి లేచింది కూడా. మళ్లీ దించి, వదిన అడిగిన ఇంకో మాట టైప్ చేసుకోవడంలో పడ్డాడు.

డబ్బా తీసేవాళ్లు తలుపు దగ్గర నిలబడి ఓపిగ్గా ఆగారు. చివరికి నేనే సరేనన్నాను. పిడుగన్న ఆకాశంలో ఎగురుతూ, "రాజ్యం సెల్లీ, నువ్వా కిటికీ కాడ వొంగోకు, నడుం పట్టేస్తాది, ఒక ఎత్తు పీట..." అంటూండగా తెర నల్లబడింది.

నమోదు 49

వారం నుంచి కొత్త భాష నేర్చుకుంటున్నాం. పైడిరాజన్నయ్య మెడలో ఎర్ర తాడుతో కంట్రోలర్ వేలాడుతోంది. మొదట్లో వేళ్లు తడబడ్డాయి. క్యాంటీన్‌లో శేషాద్రి గారు "ఎలా ఉన్నావు పైడిరాజూ?" అంటే "ఉప్పు లేదు" అన్నాడు. వెంటనే సరిచెయ్యబోయి "నీకేటి తెలుసు" అన్నాడు. శేషాద్రి గారు నిజంగానే ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టారు.

జిలానీకి రోజూ "కూర పర్లేదు" వస్తోంది. నిన్న సాంబారుకి ఆ బటన్ రెండుసార్లు నొక్కాడని వాడు గొట్టాలన్నీ తిరిగి చెప్పుకున్నాడు.

వదిన కూడా నేర్చుకుంది. ఆయన వేళ్లు కదలడం చూసి మాట రాకముందే జవాబిచ్చేస్తోంది. కూరేం వండమంటావని అడిగితే జవాబు వస్తోంది, అది ఎప్పుడూ రొయ్యలే అయినా. కానీ ఆ గురువారం సంగతి మాత్రం ఇద్దరి మధ్యా ఇంకా అలాగే ఉంది. ఆవిడ ఎత్తదు. ఆయన పలక పట్టుకోవడం మానేశాడు.

నా కిటికీ దగ్గరికి ఎవరో ఎత్తు పీట ఒకటి చేసి పెట్టారు. ఎవరో నేనడగలేదు.

నమోదు 50

ఈరోజు మళ్లీ గురువారం. పోటీ లేకపోయినా జాతర వాళ్లు అలవాటు కొద్దీ ఒకటి ఉచితంగా పెట్టారు. తేనెటీగల ఆట. నేను గదిలోకి వెళ్లేసరికి పైడిరాజన్నయ్య అప్పటికే ఆ తెర ముందు ఉన్నాడు. ఈసారి షరతులు మూడు పేజీలూ చదివాడు. వేలితో వరస వరసా చూపించుకుంటూ చదివాడు. చదివి, నొక్కాడు.

అదే సమయానికి వెనక నుంచి వదిన వచ్చింది.

"మల్లీ నొక్కినావా!" బేసిన్ ఠప్పున బల్ల మీద పెట్టింది. "ఈసారేటి పోనాది? సెప్పు. నా సెవులా, నీ కళ్లా? సిగ్గుండక్కర్లేదేటి మనిషికి?" ఇన్నాళ్లుగా లోపల పెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. గొంతు తీసేసిన రోజు, ఆ వార్తల గొంతు విన్న రోజు, తడిచేత్తో పలక తుడిచిన రాత్రి, అన్నీ. చివరికి అరవలేక ఏడుస్తూ నిలబడింది. జిలానీ వంటగది తలుపు దగ్గర బిగుసుకుపోయాడు.

అన్నయ్య లేచి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. కంట్రోలర్ రెండు చేతులా పట్టుకున్నాడు. రెండు భుజం మీటలూ పట్టి, పైకి, కిందికి, పక్కకి, మళ్లీ పైకి... చాలా పొడుగు వరస. ఏ ఆటలోనూ అంత పొడుగు దెబ్బ నేను చూడలేదు.

"ఉప్పు లేదు," అంది కంట్రోలర్.

ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ మొదలుపెట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఉప్పు లేదు."

జిలానీ నవ్వు రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను కూడా. మూడోసారి ఆయన కళ్లు మూసుకుని నొక్కాడు, ఒక్కో మీటా నెమ్మదిగా.

"ముత్తేలూ." ఆ రాత్రి తలుపు మూసి ఒక్కడే టైప్ చేసుకున్న మాటలు. "ఆ దినం నానే నొక్కేసినాను. నువ్వు రోజూ ఇనడానికి వొచ్చే గొంతు నానే పారేసినాను. నాకది సులకన కాదే. రాసి సూపిస్తే నువ్వు సూడవు, అందుకే నువ్వింటావని ఇందులో దాసినాను. తిట్టు. ఎంతైనా తిట్టు. లేచి ఎలిపోకు."

వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది. బల్ల మీద తన చోట తను కూర్చుని బేసిన్ ఒళ్లోకి తీసుకుంది. రొయ్య ఒకటి పట్టుకుంది గానీ ఒలవలేదు.

"మల్లొకసారి నొక్కు, మావా," అంది.

ఆయన మళ్లీ నొక్కాడు. ఈసారి మొదటిసారికే వచ్చింది.